పసిపిల్లల నీళ్ళ విరేచనాలు

పసిబిడ్డకు ఉన్నట్టుండి వాంతులు మొదలవుతాయి. ఒళ్ళు వెచ్చబడుతుంది. ఆ వెంటనే నీళ్ళలాగా విరేచనాలు అవుతాయి. "పళ్ళు వస్తున్నాయిలే" అంటారు కొందరు. "దిష్టి తగిలింది" అంటారు మరికొందరు. కాని చాలాసార్లు దీనికి కారణం వైరస్.

వైరస్ అంటే ఏమిటి?

వైరస్ కంటికి కనపడదు. అంత చిన్నది. విరేచనాలు కలిగించే వైరస్‌లు చాలా ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనది రోటా వైరస్. 1973లో ఆస్ట్రేలియాలో రూత్ బిషప్ అనే ఆమె, ఆమె తోటి శాస్త్రవేత్తలు దీన్ని కనుక్కున్నారు. ఇది చూడటానికి బండి చక్రంలా ఉంటుంది. లాటిన్ భాషలో 'రోటా' అంటే చక్రం. అందుకే ఆ పేరు.

టీకా రాకముందు మన దేశంలో విరేచనాలతో ఆసుపత్రిలో చేరిన అయిదేళ్ళలోపు పిల్లలకు పరీక్షలు చేశారు. నూటికి సుమారు 40 మందిలో రోటా వైరస్ కనిపించింది.

ఎలా అంటుకుంటుంది?

జబ్బు పడిన బిడ్డ మలంలో ఈ వైరస్ ఉంటుంది. అది చేతులకు అంటుతుంది. చేతుల నుంచి పాలసీసాకు, ఆటబొమ్మకు, చివరకు ఇంకో బిడ్డ నోట్లోకి చేరుతుంది. శుభ్రంగా ఉండే ఇళ్ళలోని పిల్లలకూ ఇది వస్తుంది. కనుక "తల్లి సరిగా చూసుకోలేదు" అని ఆమెను నిందించకూడదు.

ప్రాణానికి ముప్పు ఎక్కడ?

విరేచనాలతో ఒంట్లోని నీరు, ఉప్పు బయటికి పోతాయి. ముప్పంతా అక్కడే ఉంది. "నీళ్ళు తాగిస్తే విరేచనాలు ఎక్కువవుతాయి" అనుకోవడం పొరపాటు. చిల్లికుండలో నీళ్ళు నిలవాలంటే పైనుంచి పోస్తూనే ఉండాలి కదా! బిడ్డ సంగతీ అంతే.

ఏం చేయాలి?

లీటరు మంచినీళ్ళలో ఒక పెద్ద ఓ.ఆర్.ఎస్. పొట్లం మొత్తం కలపాలి. కొద్దికొద్దిగా చెంచాతో తాగించాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్ళీ పట్టాలి. కలిపిన నీళ్ళు ఒక రోజే వాడాలి. తల్లిపాలు ఆపకూడదు. తినే బిడ్డకు తిండి ఆపకూడదు. ఆశా కార్యకర్త ఇచ్చే జింకు మాత్రలు 14 రోజులు వేయాలి. విరేచనాలు తగ్గినా మానకూడదు. యాంటీబయాటిక్ మందులు వైరస్‌ను చంపలేవు. వాటిని సొంతంగా కొని వేయకూడదు.

వెంటనే ఆసుపత్రికి ఎప్పుడు వెళ్ళాలి?

కళ్ళు లోతుకు పోయినా, ఏడిస్తే కన్నీళ్ళు రాకపోయినా, ఒంటేలు పోయకపోయినా ఆలస్యం చేయకూడదు. బిడ్డ మగతగా ఉన్నా, ఏమీ తాగలేకపోయినా, విరేచనంలో రక్తం పడినా వెంటనే తీసుకెళ్ళాలి. దారిలో కూడా ఓ.ఆర్.ఎస్. పడుతూనే ఉండాలి. మగతలో ఉన్న బిడ్డకు మాత్రం నోట్లో ఏమీ పోయకూడదు.

రాకుండా ఏం చేయాలి?

బిడ్డ ముడ్డి కడిగాక, వంటకు ముందు, తినిపించే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. అయితే రోటా వైరస్‌ను ఆపడానికి ఇదొక్కటే చాలదు. టీకా కూడా కావాలి. ఇది సూది కాదు, నోట్లో వేసే మందు. బిడ్డకు 6, 10, 14 వారాల వయసులో వేస్తారు. ప్రభుత్వం దీన్ని ఆంధ్రప్రదేశ్‌లో 2016లో మొదలుపెట్టింది. 2019 నాటికి దేశమంతా అందించింది. ఆరోగ్య కేంద్రంలో దీనికి డబ్బు తీసుకోరు.

బిడ్డ టీకా కార్డు తీసి చూడండి. రోటా అని రాసి ఉన్నచోట మూడు తేదీలు ఉన్నాయా? లేకపోతే ఏ.ఎన్.ఎం.ను అడగండి. కార్డు చదవడం ఇప్పుడు మీకు వచ్చు.