పదే పది ఎత్తుల్లో ఓడిపోయా: ఫ్రైడ్ లివర్ అటాక్

ఈరోజు బోర్డు మీద పెట్టింది నా గేమే. అదీ ఓడిపోయింది. జిల్లా అండర్-11 టోర్నమెంట్, మూడో రౌండ్, నాకు బ్లాక్. స్కోర్ షీట్ ఇంకా దాచుకున్నా, మొత్తం పది ఎత్తులే! బయట మా నాన్న టీ తాగడం అయ్యేలోపే వచ్చేశా.

మొదలు మామూలే. ఈ4, ఈ5. చెరో నైట్ బయటికి వచ్చింది. వైట్ బిషప్ సీ4కి, నా రెండో నైట్ ఎఫ్6కి. దీన్నే టూ నైట్స్ డిఫెన్స్ అంటారు. అప్పుడు ఆ అబ్బాయి నైట్‌ని జీ5కి దూకించాడు. ఇప్పుడు నా ఎఫ్7 పాన్ చూడండి. కాపాడేది ఒక్క కింగే, కొట్టడానికి నైట్, బిషప్ రెండూ రెడీ. బిషప్‌కి అడ్డంగా డీ5 వేశా. ఇంతవరకూ కరెక్టే. వాడు పాన్‌తో కొట్టాడు, నేను ఎఫ్6 నైట్‌తో తిరిగి కొట్టా. ఎవరైనా అదే కొడతారు కదా? కష్టాలు మొదలైంది అక్కడే.

నైట్ ఎఫ్7 కొట్టి నా క్వీన్‌నీ రూక్‌నీ ఒకేసారి పట్టింది. కింగ్‌తో కొట్టేశా. నైట్ దొరికిందని లోపల సంతోషం కూడా! వెంటనే క్వీన్ ఎఫ్3 చెక్. డీ5లో ఉన్న నా నైట్ మీద కూడా దాని గురి. భయమేసి కింగ్‌ని జీ8కి, ఇంటివైపు తీసుకెళ్లా. బిషప్ డీ5 కొట్టి చెక్. క్వీన్‌తో కొట్టా. వాళ్ల క్వీన్ నా క్వీన్‌ని కొట్టి మళ్లీ చెక్. బిషప్‌ని ఈ6లో అడ్డం పెడితే దాన్నీ కొట్టేసింది. మేట్.

ఇదే ఫ్రైడ్ లివర్ అటాక్. ఇటలీ ఆటగాడు పోలేరియో కాలం నుంచీ, అంటే నాలుగు వందల ఏళ్లుగా ఉన్నదే. విచిత్రం ఏంటంటే, ఆ చెక్‌కి కింగ్ ఈ6కి, బోర్డు నడిమధ్యకి రావాలి. అక్కడ నిలబడి నైట్‌ని కాపాడాలి. చూస్తేనే ఒళ్లు జలదరిస్తుంది గానీ గేమ్ ఇంకా ఉంటుంది, ఒక పీస్ మనకే ఎక్కువ. కాకపోతే పదేళ్ల పిల్లాడు ఆడే పొజిషన్ కాదది.

అందుకే అంతదూరం వెళ్లకండి. ఆ పాన్‌ని కొట్టకుండా సీ6 నైట్‌ని ఏ5కి పంపి బిషప్‌ని తరమండి. బిషప్ బీ5లో చెక్ ఇస్తే సీ6 వేయండి. పాన్ కొడితే బీ పాన్‌తో కొట్టండి. పాన్ ఒకటి తక్కువే, ఒప్పుకుంటా. నైట్ అంచున ఉండటం నాకూ నచ్చదు. కానీ తర్వాత హెచ్6, ఈ4 వేస్తూ వాళ్ల నైట్‌ని తరుముతూ మన పీస్‌లు బయటికి తెచ్చుకోవచ్చు.

మరుసటి ఏడాది అదే టోర్నమెంట్, ఇంకో అబ్బాయి, మళ్లీ నైట్ జీ5. నేను నైట్ ఏ5 వేసి కూర్చున్నా. అప్పటిదాకా చకచకా వేసినవాడు తల పట్టుకున్నాడు. గేమ్ డ్రా, 46 ఎత్తులు. ఈసారి నాన్న రెండో టీ కూడా తాగారు.