ఒక్క చిరునామా - ఇంటిల్లిపాదికీ!

బొబ్బిలిలో ఒక ఇల్లు ఉందనుకోండి. ఆదివారం సాయంత్రం. నాన్నగారు ఫోనులో వార్తలు చదువుతున్నారు. అక్క కంప్యూటరు ముందు కూర్చుని లెక్కల పాఠం వింటోంది. తమ్ముడు టీవీలో క్రికెట్ చూస్తున్నాడు. అమ్మ బెంగుళూరులో ఉన్న పెద్దన్నయ్యతో వీడియోలో మాట్లాడుతోంది. ఇంట్లోకి వచ్చిన ఇంటర్నెట్ తీగ మాత్రం ఒక్కటే. బయటి ప్రపంచానికి తెలిసిన ఆ ఇంటి చిరునామా కూడా ఒక్కటే!

అయినా క్రికెట్ బంతి వచ్చి అక్క పాఠంలో పడదు. అన్నయ్య మాటలు తమ్ముడి టీవీలో వినబడవు. ఎవరిది వారికే చేరుతోంది. ఎలా సాధ్యం?

చిరునామాలు చాలలేదు

ఇంటర్నెట్‌లో పోయే సమాచారమంతా చిన్న చిన్న పొట్లాలుగా విడిపోయి ప్రయాణిస్తుంది. ప్రతి పొట్లం మీదా, ఉత్తరం మీద రాసినట్టే, 'ఎవరికి', 'ఎవరి నుంచి' అని రెండు చిరునామాలుంటాయి. వీటినే ఐ.పి. అడ్రసులంటారు. 203.0.113.25 - ఇలా నాలుగు అంకెలు, మధ్య చుక్కలు. ఒక్కో అంకె 0 నుంచి 255 దాకా ఉండవచ్చు.

ఈ పద్ధతిని 1981లో ఖరారు చేశారు. దీని ప్రకారం మొత్తం ఎన్ని చిరునామాలు వస్తాయి? చదరంగం బల్ల మీద గడి గడికీ గింజలు రెట్టింపు చేసిన కథ మీకు తెలిసిందే కదా! ఒకటితో మొదలుపెట్టి 32 సార్లు రెట్టింపు చేయండి. 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 వస్తుంది. కంప్యూటర్లు విశ్వవిద్యాలయాల్లోనూ, పెద్ద పెద్ద సంస్థల్లోనూ మాత్రమే ఉన్న ఆ రోజుల్లో ఇది తరగని గాదెలా కనిపించింది. కాని ఇవాళ భూమి మీద మనుషులే 800 కోట్లు దాటారు. ఒక్కొక్కరికి ఒక్కో ఫోను అనుకున్నా సగం మందికి చిరునామా ఉండదు!

ఈ ప్రమాదాన్ని ముందే గమనించి, 1994 మే నెలలో కెల్ ఎగెవాంగ్, పాల్ ఫ్రాన్సిస్ అనే ఇద్దరు ఇంజనీర్లు ఒక ఉపాయాన్ని రాసి ప్రకటించారు. దాని పేరు నెట్‌వర్క్ అడ్రస్ ట్రాన్స్‌లేషన్. పొట్టిగా 'నాట్' అంటారు. వరి నాట్లకూ దీనికీ సంబంధం లేదు లెండి!

మేస్త్రీ గారి పద్దు పుస్తకం

ఈ ఉపాయం అర్థం కావాలంటే ఉద్దానం వెళదాం. కవిటి, సోంపేట, మందస ప్రాంతాల నుంచి పని కోసం దూరం పోవడం శ్రీకాకుళం జిల్లాకు కొత్త కాదు. అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిరులో (2024లో దీని పేరు శ్రీ విజయపురంగా మార్చారు) స్థిరపడిన తెలుగువారిలో చాలామంది ఈ జిల్లా నుంచి వెళ్ళినవారే. ఫోనులు లేని రోజుల్లో అక్కడ ఒక మేస్త్రీ ఇంట్లో ఇరవై మంది కూలీలు ఉంటున్నారనుకుందాం. తపాలా వారికి తెలిసింది మేస్త్రీ చిరునామా ఒక్కటే. పైగా ఆ ఇరవై మందిలో అప్పన్నలే ఇద్దరు!

మేస్త్రీ ఒక పద్ధతి పెట్టాడు. ఎవరు ఉత్తరం రాసినా తన చేతికే ఇవ్వాలి. పంపినవారి పేరు కొట్టేసి, అక్కడ తన చిరునామా రాసి, పక్కన ఒక అంకె వేస్తాడు. పెద్ద అప్పన్న ఉత్తరానికి 7, చిన్న అప్పన్న ఉత్తరానికి 8. "7 - పెద్ద అప్పన్న, 8 - చిన్న అప్పన్న" అని పద్దు పుస్తకంలో రాసుకుంటాడు. సోంపేట నుంచి "మేస్త్రీ గారు, 7" అని జవాబు వస్తుంది. పుస్తకం తీసి చూస్తాడు. పెద్ద అప్పన్నను పిలిచి ఇస్తాడు. అంతే!

మీ ఇంట్లో మిణుకుమిణుకుమంటూ ఉండే వై-ఫై పెట్టె, అంటే రౌటరు, చేసే పని సరిగ్గా ఇదే. అది వేసే అంకెను పోర్టు నంబరు అంటారు. పోర్టు అనగానే మనకు కళింగపట్నం రేవు గుర్తొస్తుంది గాని, ఇది వట్టి అంకె. ఇందులో 0 నుంచి 65,535 దాకా వేయవచ్చు. అక్క కంప్యూటరు పంపిన పొట్లం మీద 'నుంచి: 192.168.1.5' అని ఉంటుంది. రౌటరు దాన్ని చెరిపి 'నుంచి: 203.0.113.25, పోర్టు 40001' అని మారుస్తుంది. తమ్ముడి టీవీకి 40002 వేస్తుంది. జవాబు రాగానే పద్దు చూసి, చిరునామాను మళ్ళీ మార్చి, ఎవరిది వారికి అందిస్తుంది. ఇదంతా కనురెప్ప వేసేలోపు ఎన్నో సార్లు జరిగిపోతుంది. ఒక పద్దు కొంతసేపు వాడకపోతే దాన్ని కొట్టేసి, ఆ అంకె మరొకరికి ఇస్తుంది.

మరి 192.168 తో మొదలయ్యే చిరునామా ఎక్కడిది? ఇది ఇంటి లోపలి ముద్దుపేరు లాంటిది. ప్రతి వీధిలోనూ ఒక బుజ్జి ఉంటాడు, వాళ్ళమ్మ "బుజ్జీ!" అని పిలిస్తే వాడే పలుకుతాడు. కాని ఉత్తరం మీద 'బుజ్జి' అని మాత్రమే రాస్తే చేరదు కదా! అలాగే 192.168.1.5 బొబ్బిలిలోనూ ఉంటుంది, నరసన్నపేటలోనూ ఉంటుంది, న్యూయార్కులోనూ ఉంటుంది. ఇంటి గుమ్మం దాటితే చెల్లదు. 10 తో మొదలయ్యేవీ, 172.16 నుంచి 172.31 దాకా ఉన్నవీ కూడా ఇలాంటివే.

మీరే చేసి చూడండి

ఒకే వై-ఫైకి కలిపిన రెండు ఫోనులు తీసుకోండి. సెట్టింగులలో వై-ఫై వివరాలు తెరిస్తే ఐ.పి. అడ్రసు కనిపిస్తుంది. రెండింటికీ చివరి అంకె వేరుగా ఉంటుంది. ఇప్పుడు రెండింటిలోనూ 'వాట్ ఈజ్ మై ఐ.పి.' అని వెతకండి. బయటి ప్రపంచానికి కనిపిస్తున్న చిరునామా వస్తుంది. నాలుగు అంకెలది వస్తే, రెండు ఫోనుల్లోనూ అదే! ఒకవేళ చుక్కలకు బదులు రెండు చుక్కల గుర్తులతో పొడుగాటి చిరునామా వస్తే ఆశ్చర్యపోకండి. దాని సంగతి చివర చెప్పుకుందాం.

లాభం సరే, మరి నష్టం?

మళ్ళీ మేస్త్రీ ఇంటికి వెళదాం. ఒకనాడు చిన్న అప్పన్న పాత స్నేహితుడు తనంతట తానే ఉత్తరం రాశాడు. మీద అంకె లేదు. పద్దులో దానికి సరిపోయే వరుస లేదు. ఎవరికివ్వాలో తెలియక మేస్త్రీ దాన్ని పక్కన పారేశాడు. అంటే, అప్పన్నకు ఉత్తరం రావాలంటే ముందు అప్పన్నే రాయాలి!

ఇదే నాట్‌లోని అసలు లోటు. మీరు నరసన్నపేటలో మీ ఇంటి కంప్యూటరులో చక్కని పక్షుల బొమ్మల పుట ఒకటి తయారుచేశారనుకోండి. బొబ్బిలిలోని స్నేహితుడు తిన్నగా మీ కంప్యూటరుకు వచ్చి చూడలేడు. లోపలి వారు ప్రపంచాన్ని అడగగలరు. ప్రపంచం వారిని అడగలేదు. మొదట్లో ఇంటర్నెట్ ఇలా లేదు. ప్రతి కంప్యూటరూ అడిగేదే, జవాబు చెప్పేదే. ఇప్పుడు మనం ఏది పదిమందికి చూపించాలన్నా, బయటి చిరునామా ఉన్న ఏదో పెద్ద కంపెనీ కంప్యూటరులో పెట్టవలసి వస్తోంది.

అయితే అమ్మా, అన్నయ్యా ఎలా మాట్లాడుకుంటున్నారు? ఇద్దరూ చెరో మేస్త్రీ ఇంట్లో ఉన్నట్టే కదా! అక్కడ మధ్యవర్తి ఉంటాడు. ఇద్దరి ఫోనులూ ముందు అతనికి కబురు చేస్తాయి. అతను ఒకరి బయటి చిరునామా, అంకె మరొకరికి చెబుతాడు. వెంటనే ఇద్దరూ ఒకరికొకరు పొట్లాలు పంపుకుంటారు. రెండు పద్దుల్లోనూ వరుసలు పడతాయి, దారి తెరుచుకుంటుంది. అది కుదరకపోతే మాటలన్నీ మధ్యవర్తి ద్వారానే నడుస్తాయి.

ఇంటి రౌటరు మన చేతిలోదే. "ఫలానా అంకెతో వచ్చినవన్నీ అక్క కంప్యూటరుకు ఇయ్యి" అని దానికి ముందే చెప్పి ఉంచవచ్చు. కాని మేస్త్రీ పైన ఇంకో పెద్ద మేస్త్రీ ఉంటే?

2011 ఫిబ్రవరి 3న ప్రపంచ చిరునామాల ఉమ్మడి నిల్వ పంచడం అయిపోయింది. అదే ఏడాది ఏప్రిల్ నుంచి మన ఆసియా ప్రాంతపు సంస్థ రేషను పద్ధతిలోకి దిగింది. అందుకని చాలా కంపెనీలు వందలాది ఇళ్ళనూ, ఫోనులనూ కలిపి ఒకే చిరునామా వెనక పెడుతున్నాయి. మీ రౌటరుకు కంపెనీ ఇచ్చిన చిరునామా 100.64 నుంచి 100.127 లోపు ఉంటే, పైన పెద్ద మేస్త్రీ ఉన్నట్టే. ఆయన మీ మాట వినడు. ఒక్కరు అల్లరి చేస్తే, ఏ వెబ్‌సైటో ఆ చిరునామానే నిషేధిస్తే, పాపం, ఏ తప్పూ చేయనివారూ ఆగిపోతారు. దొంగను పట్టాలన్నా చిరునామా ఒక్కటే చాలదు. పోర్టు నంబరూ, సమయమూ కూడా కావాలి.

అసలు మందు

ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. దాని తీగ కరెంటు స్తంభాల మీదుగా పల్లెలకు వచ్చింది. కాని తీగ రావడం వేరు, సొంత చిరునామా రావడం వేరు.

ఆ లోటు తీర్చేది ఐ.పి. ఆరవ రూపం. మీ ఫోనులో కనిపించిన పొడుగాటి చిరునామా అదే. ఇందులో రెట్టింపులు 32 కావు, 128! అంటే రెండు చదరంగం బల్లల గళ్ళన్నీ దాటడమన్నమాట. వచ్చే సంఖ్యలో 39 అంకెలుంటాయి. ఇంట్లో ప్రతి దీపానికీ, ప్రతి గడియారానికీ సొంత చిరునామా ఇచ్చినా తరగదు. దీన్ని ఎక్కువగా వాడుతున్న దేశాల్లో మన దేశం ముందు వరుసలో ఉంది.

అయితే సొంత గుమ్మం ఉన్నప్పుడు గొళ్ళెం కూడా ఉండాలి. ఎవరిని రానివ్వాలో, ఎవరిని ఆపాలో చూసే కాపలాను ఫైర్‌వాల్ అంటారు. మేస్త్రీ చాటున ఉండడం కాపలా కాదు, వట్టి మరుగు మాత్రమే.

ఇవాళే మీ ఫోనులో వెతికి చూడండి. మీరింకా మేస్త్రీ ఇంట్లోనే ఉన్నారా, సొంత చిరునామాకు మారారా?