కొండలెక్కే వేళ్లు జాగ్రత్త!

అమెరికాలో ఉన్న మీ మనవడో, మేనకోడలో రాతికొండలు ఎక్కుతున్నారా? వేలు నొప్పంటే 'బెణికిందిలే' అని వదిలేయకండి. మా ఓపీకి ఇలాంటి కేసులు రావు గానీ, బంధువుల ఫోన్లు మాత్రం వస్తుంటాయి.

యూటాలోని అమెరికన్ ఫోర్క్ లాంటి సున్నపురాతి లోయల్లో బండకు బిగించిన బోల్టులకు తాడు తగిలించుకుంటూ ఎక్కుతారు. జారితే మనిషిని తాడు ఆపుతుంది. కానీ సన్నటి రాతి అంచును వేళ్లు మడిచి పట్టినప్పుడు, టెండన్‌ను ఎముకకు అంటిపెట్టుకుని ఉంచే పట్టీల మీద విపరీతమైన ఒత్తిడి పడుతుంది. వీటిని పుల్లీలంటాం. తెగితే ఒక్కోసారి 'టప్'మని వినిపిస్తుంది కూడా.

డేగలు, గద్దలు గూళ్లు పెట్టే కొండచరియలను అక్కడ కొన్ని నెలలు మూసేస్తారు. కొలరాడోలోని బౌల్డర్‌లో అయితే ఫిబ్రవరి 1 నుంచి జులై 31 దాకా. మనుషుల అలికిడికి తల్లిపక్షి లేచిపోతే గుడ్లు చల్లబడిపోతాయి మరి. చిక్కల్లా తిరిగి తెరిచాకే. ఆగలేక మొదటి వారమే కష్టమైన దారులు ఎక్కేస్తారు. కండ వారాల్లో బలపడుతుంది, టెండన్‌కు నెలలు కావాలి.

పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లల విషయంలో భయం వేరు. వేలి నడిమి కణుపు పైభాగాన నొప్పి ఉంటే, ఎముక పెరిగే చోట చీలిక కావొచ్చు. తొలి ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు, ఎమ్మారై అవసరం పడొచ్చు. అశ్రద్ధ చేస్తే వేలు వంకరపోయే ప్రమాదముంది. నొప్పి మాత్ర వేసి మళ్లీ ఎక్కనివ్వకండి. వెంటనే ఆపించి, ఎముకల డాక్టరుకు చూపించమనండి.