కుటుంబ పత్రములు - చరిత్రరచన
(అచ్చంపేట ప్రాంతమునకు సంబంధించిన పరిశీలనము)

ఆంధ్రదేశ చరిత్రకును సాహిత్య చరిత్రకును ఆధారములైన వానిని పేర్కొనునపుడు మన విద్యార్థులు శాసనములను, కావ్యపీఠికలను, చాటువులను, కైఫియతులను వరుసగా చెప్పుట పరిపాటి. ఒక కుటుంబము తన యింటిలో తరతరములుగా దాచుకొనిన ఉత్తరములు, దస్తావేజులు, లెక్కలు, కవిలెలు మాత్రము ఆ జాబితాలో చిట్టచివరను చేరును. తరచుగా చేరనే చేరవు. ఇట్టి వానిని మేము ఈ వ్యాసమున కుటుంబ పత్రములని వ్యవహరించుచున్నాము. వీనిని చేపట్టిన పరిశోధకుడు పత్రములో ఏమున్నదని అడుగుటకు ముందు, ఈ పత్రమును ఎవరు, ఏ అవసరముచేత దాచిరని అడుగవలెను. ఏ యింటివారును కాగితమును కాగితముకొరకు దాచుకొనరు. మానమో, మాన్యమో, వారసత్వమో వివాదమునకు వచ్చును. లేదా వచ్చునను భయముండును. అప్పుడే పత్రము పెట్టెలోనికి చేరును. ఈ విషయమును మొదట ఒక విదేశీయోదాహరణముతో చూపి, పిదప కృష్ణాతీరమునందలి అచ్చంపేట ప్రాంతమునకు అన్వయింతుము.

19వ శతాబ్దిలో అమెరికా నౌకాసేనలో శామ్యూల్ ఫ్రాన్సిస్ డూపాంట్ అను అధికారి యుండెను. ఆయన 1803లో జన్మించి 1865లో మరణించెను. 1857 మొదలు 1859 వరకు మిన్నెసోటా అను యుద్ధనౌకకు అధిపతిగా చైనాకు పోయి, ఆ యాత్రలోనే భారతదేశమునకును వచ్చెను. ఆయన 1833లో తన పినతండ్రి వంశపు కన్యయగు సోఫీని వివాహమాడెను. సముద్రముమీద ఉన్నంతకాలము ఆమెకు దినచర్యవలె సాగు దీర్ఘలేఖలు వ్రాయుచుండెను. అమెరికా అంతర్యుద్ధకాలమున, 1863 ఏప్రిల్ 7వ తేదీన, ఆయన ఉక్కుకవచపు ఓడలతో చార్లెస్టన్ రేవును ముట్టడించి విఫలుడయ్యెను. అపజయమునకు కారణము సేనాపతి యని నౌకాశాఖవారును, అట్టి ఓడలు అట్టి కోటలను గెలువలేవని సేనాపతియు వాదించిరి. ఆ వేసవిలోనే ఆయన పదవినుండి తొలగెను, రెండేండ్లకు మరణించెను.

సోఫీ 1888 వరకు జీవించెను. భర్త లేఖలు ఆమెకు అనురాగచిహ్నములు మాత్రమే కావు. ఆయన గౌరవమును నిలుపు సాక్ష్యములు. ఆమె మేనల్లుడొకడు 1926లో ఆయన జీవితచరిత్రను ప్రకటించి ఆ పక్షమును సమర్థించెను. 1969లో ఆయన అంతర్యుద్ధకాలపు లేఖలు మూడు సంపుటములుగా వెలువడెను. ప్రభుత్వమునకు పంపిన నివేదికలోని డూపాంటును, భార్యకు వ్రాసిన లేఖలోని డూపాంటును పక్కపక్కన నిలిపి చూచు అవకాశము చరిత్రకారునకు అట్లు కలిగెను. అయినను ఆ లేఖల సంచయము ఒక పక్షమువారు భద్రపరచినదని మరువరాదు. అందు సత్యము కలదు. కాని అది దాచినవారి అవసరము చేత మనదాక వచ్చిన సత్యము.

ఇక మన ప్రాంతమునకు వత్తము. అచ్చంపేట పూర్వపు సత్తెనపల్లి తాలూకాలోనిది. నేడు పల్నాడు జిల్లాలోనిదగుటచేత, దీని ప్రాచీనపత్రములను పల్నాటిసీమ దస్త్రములలో వెదకుటకు విద్యార్థి పూనుకొనవచ్చును. అది సరికాదు. గురజాల, మాచర్లలతో కూడిన పాత పల్నాడు ఆర్కాటు నవాబు క్రిందనుండి 1801లో కంపెనీవారికి సంక్రమించెను. అచ్చంపేట ప్రాంతమన్ననో కొండవీటిసీమలోనిదై, ముర్తిజానగరు సర్కారను పేరుగల గుంటూరు సర్కారుతోపాటు నైజామునుండి 1788లో కంపెనీ వశమయ్యెను. 1859లో గుంటూరు జిల్లా రద్దయి కృష్ణా జిల్లాలో లీనమయ్యెను. 1904లో మరల ఏర్పడెను. 2022లో దానినుండి పల్నాడు జిల్లా వేరుపడెను. కనుక ఒకే గ్రామపు కాగితములకొరకు కాలమునుబట్టి గుంటూరు, కృష్ణా జిల్లాల దస్త్రములు రెండును చూడవలసియుండును. ఈ పేరులమార్పు తెలియనివాడు, పత్రమున్నను లేదని నిర్ణయించు ప్రమాదము కలదు.

ఈ ప్రాంతమున కుటుంబ పత్రములను దాచినవారిలో మొదట చెప్పదగినవారు గ్రామకరణములు. భూమి కొలతలు, శిస్తులు, మాన్యములు, పూర్వరాజుల దానములు కరణము కవిలెలో వ్రాసియుంచెడివాడు. ఆ లెక్క గ్రామమునకు చెందినదే; కాని అది యుండు చోటు కరణము నట్టిల్లు. ఉద్యోగము వంశపారంపర్యము గనుక లెక్కయు ఆస్తివలె తండ్రినుండి కొడుకునకు వచ్చుచుండెను. ఇట్లు గ్రామదస్త్రము కుటుంబపత్రమయ్యెను. దండకవిలెలని ప్రసిద్ధములైనవి ఈ జాతివే.

18వ శతాబ్దాంతమున ఈ పత్రములకు ఒక పరదేశీయాధికారి దృష్టి సోకెను. ఆయన కల్నల్ కాలిన్ మెకంజీ. నావికుడు కాడు, మదరాసు ఇంజనీరుదళమువాడు. స్కాట్లండునకు చెందిన లూయిస్ ద్వీపమున జన్మించి, 1783లో మదరాసునకు వచ్చి, 1815లో భారతదేశపు సర్వేయరు జనరలై, 1821లో మరణించెను. ఏలూరివారగు కావలి వెంకట బొఱ్ఱయ్య ఆయనకు కుడిభుజమైయుండెను. 1803లో బొఱ్ఱయ్య మరణింపగా తమ్ముడు లక్ష్మయ్య ఆ పనిని సాగించెను. వారి పరివారము గ్రామగ్రామమునకు పోయి కరణములను అడిగి, కవిలెలను చూచి, వ్రాయించి తెచ్చినవే కైఫియతులు. అచ్చంపేటకు చేరువనున్న అమరావతిలో మెకంజీ బృందము 1816 మొదలు శిల్పముల చిత్రములను వ్రాసెను. శిలలు చెదరిపోయిన పిదప ఆ చిత్రములే పలుతావుల సాక్ష్యములుగా మిగిలినవి.

మెకంజీ మరణానంతరము ఆయన సంచయమును కంపెనీ ప్రభుత్వము లక్షరూపాయలకు ఆయన భార్యవద్ద కొనెను. విల్సన్ 1828లో దానికి సూచిక ప్రకటించెను. దక్షిణభాషల గ్రంథములు పెక్కు మదరాసునకు చేరినవి. చిత్రములు మున్నగునవి లండనునకు పోయినవి. పురుగు తిను ప్రతులకు సి. పి. బ్రౌన్ కొత్తగా నకళ్లు వ్రాయించెను. అనగా నేడు మనము చదువు కైఫియతు చాలచోట్ల ప్రతికి ప్రతి. మూలమైన తాటాకు కవిలె కరణము ఇంటనే ఉండిపోయెను. మెకంజీ తీసికొనిపోయినది సారాంశమే గాని పెట్టెను కాదు.

ఈ కైఫియతులను ఎట్లు చదువవలెనో తెలుపుటకు ఒక ఉదాహరణము చాలును. గుంటూరు ప్రాంతపు గ్రామకైఫియతులు పెక్కింటిలో ఒకే కథ కనిపించును. శాలివాహన శకము 1067లో, గణపతి మహారాజు కాలమున, ఆయన మంత్రి గోపరాజు రామన్న సూర్యగ్రహణ పుణ్యకాలమున నియోగులకు గ్రామకరణికపు మిరాసులు ధారపోసెనని ఆ కథ. ఆ శకవర్షము క్రీ. శ. 1144-45 ప్రాంతమునకు సరిపడును. అది వెలనాటి ప్రభువుల కాలము. కాకతీయ గణపతిదేవుడు 1199లో గాని సింహాసనమెక్కలేదు. గజపతులన్ననో మూడువందల యేండ్ల వెనుకటివారు కారు, తరువాతివారు. కాబట్టి తేదీకిని రాజునకును పొత్తు కుదరదు.

అంతమాత్రమున కథను త్రోసివేయుటయు పొరపాటే. ఇంతమంది కరణములు ఊరూర ఒకే మాట ఏల చెప్పిరి? అది వారి హక్కునకు మూలపత్రము గనుక. కొత్త ప్రభుత్వమువారు, మీ మిరాసు ఎట్లు వచ్చెనని అడుగు కాలమది. 12వ శతాబ్దికి ఈ కథ బలహీనమైన సాక్ష్యము; కాని 19వ శతాబ్ద్యారంభమున కరణకుటుంబములు తమ్ము తాము ఎట్లు భావించుకొనిరో, దేనిని కోల్పోవుదుమని భయపడిరో తెలుపుటకు ఇంతకంటె బలమైన సాక్ష్యము లేదు. సోఫీ దాచిన లేఖలకును కరణము దాచిన కవిలెకును పోలిక ఇచ్చటనే యున్నది.

రెండవ తరగతివారు జమీందారులు. అచ్చంపేటకు సమీపముననే కృష్ణయొడ్డున నున్న చింతపల్లి వాసిరెడ్డివారి రాజధాని. వాసిరెడ్డి వెంకటాద్రినాయడు 18వ శతాబ్దాంతమున చింతపల్లిని విడిచి అమరావతిని నిర్మించుకొనెను. ఆయనకు ఔరస సంతానము లేదు. జగన్నాథబాబును, రామనాథబాబును ఇరువురను దత్తు తీసికొనెను. 1816లో ఆయన మరణింపగా వ్యాజ్యము బయలుదేరెను. అది జిల్లా కోర్టునుండి లండనునందలి ప్రీవీ కౌన్సిలువరకు ప్రాకెను. మొదటి దత్తపుత్రుడు జీవించియుండగా రెండవ దత్తత చెల్లదని ప్రీవీ కౌన్సిలు 1840 దశకమున రంగమ్మ, అచ్చమ్మల పేర ప్రసిద్ధమైన వ్యాజ్యమున తీర్పుచెప్పెను. హిందూధర్మశాస్త్రము చదువువారికి నేటికిని అది పరిచితమే. ఆ దశకములోనే శిస్తుబకాయిల కారణమున జమీందారీ ప్రభుత్వ హస్తగతమయ్యెను. ఆస్తి పోయెను, ఆస్తికై పోరాడిన కాగితము మిగిలెను. వివాదములేని ఇండ్ల దత్తతలు ఎన్ని జరిగినవో, వాని మాటలెట్టివో మనకు తెలియవు. వివాదపడిన ఇంటి దత్తత లండనులో అచ్చుపడెను.

మూడవ తరగతి పత్రములు కచేరీ ఉద్యోగులవి. 1788 మొదలు 1848 వరకు గుంటూరు జిల్లా పరిపాలనను గూర్చి రాబర్టు ఫ్రైకెన్‌బర్గు 1965లో ప్రకటించిన గ్రంథమున, దొరలకంటె వారిక్రింది దేశీయోద్యోగులే దస్త్రములను తమ గుప్పిట నుంచుకొనిరని చూపెను. మహారాష్ట్రభాషలో కచేరీలెక్కలు నడుచుటయు, బంధువులే ఉద్యోగములలో నిండుటయు అందుకు తోడ్పడినవి. కావున ప్రభుత్వదస్త్రము నిష్పక్షపాతమనియు, కుటుంబపత్రము పక్షపాతమనియు విభజించుటకు వీలులేదు. రెండింటను చేయి తిరిగిన వ్రాయసకాడొకడు కలడు.

తెలుగుశాఖలవారికి ఈ పత్రములందు మరియొక ప్రయోజనము కలదు. కావ్యభాషయొక్క నియమములకు లోబడని వచనము ఇచ్చట కనిపించును. జమాబందీ, ముచ్చిలిక, దస్తు, తనఖా మొదలగు అన్యదేశ్యములు తెలుగు విభక్తులతో ఎట్లు కలసిపోయినవో, ఉత్తరమున పెద్దలను పిన్నలను సంబోధించు మర్యాదలెట్టివో, గొలుసుకట్టు వ్రాతలో అక్షరములు ఎట్లు రూపుమారినవో ఇవి చూపును. నడుమనున్న లోపమును గూడ గమనింపవలెను. డూపాంటు లేఖలలో భార్య ఒక శ్రోతయైనను కలదు. మన కవిలెలలో స్త్రీ వారసురాలుగానో వ్యాజ్యదారుగానో మాత్రమే కనిపించును. పాలికాపు పేరు బాకీపద్దులో తప్ప రాదు. పత్రమును దాచు అవసరము, దాచు పెట్టె, రెండును లేనివారి చరిత్రను ఇతరుల పత్రముల అంచులనుండి ఏరుకొనవలసియున్నది.

ఇంతకును ఈ చర్చకు ఇప్పటి తొందర ఏమి? అవసరము పత్రమును కాపాడెననినచో, అవసరము తీరిన పిదప దానిని కాపాడువారెవరను ప్రశ్న పుట్టును. 1948 నాటి ఎస్టేటుల రద్దుచట్టముతో జమీందారీ హక్కులు పోయినవి. 1984లో ఆంధ్రప్రదేశమున వంశపారంపర్య గ్రామోద్యోగములు రద్దయినవి. అప్పటివరకు చూపవలసిన కాగితము ఆనాటితో చూపనక్కరలేని కాగితమయ్యెను. చదువగలవారు తగ్గిరి, ఇండ్లు పడగొట్టి కట్టుకొనుచున్నారు, వారసులు దూరదేశములకు పోయిరి. శిలాశాసనము వందయేండ్లు మట్టిలో పడియుండి తిరిగి లేవగలదు. అటకమీది కాగితమునకు చెదలు ఒక్క వానకాలముకంటె ఎక్కువ గడువీయదు.

కాబట్టి పరిశోధకవిద్యార్థులకు మేము సూచించునవి ఇవి. పత్రమును ఇంటివారివద్దనుండి తీసికొనిపోవుట మొదటిపని కారాదు. వారి సమ్మతితో ఛాయాచిత్రము తీయుట మొదటిపని కావలెను. కట్టను విప్పుటకు ముందే ఏ కాగితము దేని ప్రక్కనున్నదో వ్రాసికొనవలెను. ఆ వరుసయే దాచినవారి ఉద్దేశమును చెప్పును. ముఖ్యమని తోచినదానిని ఏరి, బాకీచీటీలను పారవేయరాదు. ఫసలీసంవత్సరమునకు 590 కలిపిన క్రీస్తుసంవత్సరము వచ్చును. ఫసలీ 1212 అనగా 1802-03. సంవత్సరనామము, తిథి, వారము ఉన్నచో మూడింటిని పోల్చి చూడవలెను. గొలుసుకట్టు చదువగల వృద్ధులున్న ఊళ్లలో, వారు చదువుచుండగా ప్రక్కన కూర్చుండి వ్రాసికొనుట అన్నింటికంటె ముందు జరుగవలసినది. ఇంటివారు దాపరికము కోరిన విషయమును ప్రకటింపరాదు. చివరగా, ప్రతి పత్రము క్రిందను, ఇది ఎవరి హక్కును నిలుపుటకు దాచబడినదను ప్రశ్నకు తమకు తోచిన సమాధానమును ఒక పంక్తిలో వ్రాసియుంచవలెను.

నౌకాసేనానికి భార్య యుండెను, వాసిరెడ్డివారికి న్యాయస్థానముండెను, కరణమునకు మిరాసు ఉండెను. ఆ మూడు కాపలాలలో ఏదియు నేడు మన గ్రామములలోని పత్రములకు లేదు. ఇకమీదట ఈ పత్రముల అవసరము ఎవరిదైన నున్నచో, అది చదువుకొనువారిదే. కనుక కాపాడు బాధ్యతయు వారిదే.