దూరా-యూరోపస్: మట్టికట్ట కాపాడిన సంఘగృహం

సిరియాలో యూఫ్రటీసు నది ఒడ్డున ఉన్న దూరా-యూరోపస్ రోమా సామ్రాజ్యపు తూర్పు సరిహద్దు పట్టణం. క్రీ.శ. 256 ప్రాంతంలో పారసీక సైన్యం దానిని ముట్టడించగా, రోమా సైనికులు పడమటి ప్రాకారాన్ని బలపరచుటకు దాని ప్రక్కనున్న కట్టడాలను మట్టితో పూడ్చారు. పట్టణం పడిపోయింది. కాని ఆ మట్టి క్రింద ఒక క్రైస్తవ సంఘగృహం, ఒక యూదుల సమాజమందిరం నిలిచియున్నాయి.

1928 నుండి 1937 వరకు యేల్ విశ్వవిద్యాలయం, ఫ్రెంచి అకాడమీ కలిసి ఇక్కడ త్రవ్వకాలు జరిపాయి. ఆ గృహంలో రెండు గదుల మధ్య గోడ తీసి కూడికల గది చేశారు. మరొక గదిలో బాప్తిస్మపు తొట్టి ఉంది. దాని గోడలపై మంచి కాపరి, పక్షవాయువు గలవాని స్వస్థత, నీటిపై నడచుట చిత్రించబడ్డాయి. దీపాలు పట్టుకొని నడచు స్త్రీలు సమాధి యొద్దకు వెళ్లువారని కొందరు, పెండ్లికుమారుని ఎదుర్కొను కన్యకలని మరికొందరు పండితులు అంటారు.

తీసిన గోడ, తొట్టి ఉన్న స్థలం, చిత్రాల వరుస నమోదు చేసినందువల్లనే ఈ చర్చ సాధ్యమైంది. 2011లో సిరియా యుద్ధం మొదలైన తరువాత దోపిడీదారులు ఈ స్థలమంతటా గుంటలు త్రవ్వినట్లు 2014 నాటి ఉపగ్రహ చిత్రాలు చూపాయి. అలా తీసి అమ్మిన వస్తువు మిగలవచ్చు. కాని అది ఏ గదిలో, దేని ప్రక్కన ఉండెనో ఇక ఎవరూ చెప్పలేరు.

బోధకులు మరొకటి గమనించాలి. ఇది మూడవ శతాబ్దపు ఒక సరిహద్దు పట్టణపు సాక్ష్యం. అపొస్తలుల కాలపు గృహసంఘాలన్నీ ఇలాగే ఉండెనని దీనినిబట్టి చెప్పరాదు. సాక్ష్యాన్ని భద్రపరచుట ఎంత అవసరమో, దాని హద్దులలో దానిని వాడుట కూడా అంతే అవసరం.