హమాలీ అంటే వట్టి మోతేనా?

ఆదోని మార్కెట్ యార్డులో పత్తి మూటలు ఎత్తేటోళ్లను మనం హమాలీలంటాం. విశాఖ రేవులో ఓడలకు సరుకు ఎక్కించే పని పట్టే కంపెనీలకేమో స్టీవ్‌డోర్ అని పేరు. ఈ మాట ఇంగ్లీషోళ్ల సొంతం గాదు. స్పానిష్‌లో ఎస్తిబదోర్, పోర్చుగీసులో ఎస్తివదోర్. అక్కడ అది కంపెనీ పేరు గాదు, రేవు కూలీ పేరు. మూలం లాటిన్ మాట. అర్థం అదిమి సర్దడం. మన జిన్నింగ్ మిల్లులో దూదిని ప్రెస్సులో ఒత్తి బేళ్లు కట్టేది గుర్తుకొస్తాది గదా!

హమాలీ అనేది అరబ్బీ మాట. హమ్‌ల్ అంటే బరువు. ఉర్దూ నడిచిన ఆదోనిలో అది కుదురుకుంది. అదే మాట స్పెయిన్‌కూ పోయి అల్‌హమెల్ అయింది. అక్కడ దానికి మోసే మనిషి అనీ, మోసే పశువు అనీ రెండర్థాలు. నాకు కడుపు మండేది ఈడే. ఎస్తిబదోర్‌లో పనితనం కనపడతాది, హమాలీలో బరువొకటే కనపడతాది.

నిజానికి లారీకి మూటలు పేర్చేది చిన్న పనా? అడుగు వరస ఎట్ల పరచాల, పై వరస ఎంత లోపలికి జరపాల, తాడు యాడ బిగించాల. ఒక పక్కకు బరువు పడితే మలుపులో బండి ఒరుగుతాది, ఓడైనా అంతే. ఇంత తెలిసినోన్ని కాగితాల్లో ‘అన్‌స్కిల్డ్’ అని రాస్తారు. ఏంటికి?

రేవు కార్మికులకు 1948లోనే చట్టం వచ్చింది. పేర్లు నమోదు చేయాల, పని ఒక పద్ధతిగా పంచాల అని. మహారాష్ట్రలో మాథాడి, హమాలీ కూలీలకు 1969లో వచ్చింది. మనకూ ఉంది తమ్ముళ్లూ, 1976 నాటి ముఠా, జట్టు, హమాలీ కార్మికుల చట్టం. యార్డులో పదిమందిని అడిగి చూడండి, దాని పేరు ఎంతమంది విన్నారో. మగమనిషి మోసే బరువు 55 కిలోలు దాటొద్దని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. ఒక పత్తి బేలు సుమారు 170 కిలోలు.

సుగ్గికి పోకుండా ఎమ్మిగనూరు, ఆదోనిలోనే మూటలెత్తి బతికే పిల్లోళ్లు మీలోనే ఉన్నారు. ఈసారి పత్తి తోలినప్పుడు చీటీలో హమాలీ ఖర్చు ఎంత రాసినారో చూడండి. అందులో మూట ఎత్తినోని చేతికి ఎంత చేరిందో ఆయన్నే అడగండి.