నిశానీ నేర్చిన యంత్రం

"సంతకమా, నిశానీయా?" బ్యాంకులో ఈ మాట వినగానే తల దించుకున్న పెద్దలు మన ఊళ్లలో ఎందరో. ఆ నిశానీయే ఇవాళ వాళ్ల ఖాతాకు తాళంచెవి.

దీని పుట్టుకలోనే అపనమ్మకం ఉంది. 1858లో బెంగాల్లో విలియం హెర్షెల్ అనే తెల్లదొర, రోడ్డు సామాను సరఫరా చేసే కోనాయ్ అనే కాంట్రాక్టరు చేత ఒప్పందం కాగితం వెనక అరచెయ్యి అద్దించాడు. రేపు సంతకం నాది కాదంటాడేమోనని! 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో వెలిసింది. ముద్రల్ని వర్గాలుగా విడదీసే లెక్కలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్‌ల చెమట ఉన్నా, పేరు మాత్రం పైఅధికారి హెన్రీది.

ఇక ఆ ముద్ర చదివే యంత్రం. చాలావాటిలో ఉండేది గాజు పట్టకమే. లోపలి వెలుతురు గాజు పైతలాన్ని తాకి వెనక్కి తిరుగుతుంది. వేలి గట్లు ఆనినచోట తిరగదు, పల్లాల దగ్గర తిరుగుతుంది. దున్నిన చేలో చాళ్లలా నలుపు తెలుపు గీతలు పడతాయి. గీత ఎక్కడ ఆగింది, ఎక్కడ చీలింది అన్న గుర్తులనే అది పోల్చుకుంటుంది.

ఊళ్లలో ఏజెంట్ల ద్వారా బ్యాంకు పనులు జరపడానికి రిజర్వు బ్యాంకు 2006లో అనుమతించింది. ఆ దారిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉపాధి కూలికి, పింఛన్లకు వేలిముద్ర స్మార్ట్‌కార్డులు తెచ్చింది. ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్ బృందం దీన్ని 157 మండలాల్లో పరిశీలించింది. ఉపాధి సొమ్ములో స్వాహా 41 శాతం తగ్గింది, కూలి అందుకోవడానికి పట్టే సమయం 22 నిమిషాలు తగ్గింది. నాకైతే ఆ నిమిషాలే ముద్దు. తరవాత ఆధార్ వచ్చింది. కార్డు పోయి, వేలు నేరుగా సర్వరుతో మాట్లాడుతోంది.

అయితే పలుగు పట్టి, సున్నం కలిపి, అంట్లు తోమి అరిగిన వేళ్లనే యంత్రం చాలాసార్లు గుర్తుపట్టదు. ఎవరి కోసం వచ్చిందో వాళ్లనే పరాయివాళ్లంటుంది. దొంగకేమో లొంగింది: 2018లో పెద్దపల్లి జిల్లాలో భూమి పత్రాల మీది ముద్రలతో నకిలీ వేళ్లు చేసి సిమ్ కార్డులు తీశారు. వేలికి ప్రాణముందా అని చూడటం యంత్రాలకు ఆ తరవాతే గట్టిగా నేర్పుతున్నారు.

మీ ఇంట్లో పెద్దవాళ్లకు ఒక్క మాట చెప్పండి: "పడలేదమ్మా, మళ్లీ పెట్టు" అని ఏజెంటు అన్నప్పుడల్లా చీటీ అడగమనండి; మొదటి ముద్రతోనే సొమ్ము తీసి ఉండొచ్చు. ఖాతాలో సొమ్ము ఎంతుందో ఆ రోజే చూడండి.